రొట్టెని బోర్లా పెట్టకూడదు: ఫ్రెంచ్ భోజనం వెనకున్న ఆకలి చరిత్ర

ఇవాళ ఎపిసోడ్ రాజులతోనూ యుద్ధాలతోనూ మొదలుపెట్టట్లేదు. ఒక రొట్టె ముక్కతో మొదలుపెడుతున్నా. రాజు మధ్యలో వస్తాడు, కంగారు పడకండి.

2018 ఫిబ్రవరి. ఫ్రాన్స్‌లో లియోన్ అనే ఊరు. బీటెక్ ఆఖరి సెమిస్టర్ అక్కడ ఎక్స్‌ఛేంజ్ స్టూడెంట్‌గా చేశా. మాది కాకినాడ. చిన్నప్పుడు మాకు ఫ్రెంచ్ వాళ్ళంటే యానాం. యానాం అంటే తక్కువ రేటుకి పెట్రోలు, ఇంకా ఏవేవో. 1954 దాకా అది ఫ్రెంచ్ వాళ్ళ చేతిలో ఉండేదని పుస్తకంలో చదువుకున్నాం. అంతే. అంతకుమించి ఫ్రాన్స్ గురించి నాకు తెలిసింది సున్నా.

ఒక ఆదివారం మా ల్యాబ్‌లో పనిచేసే కుర్రాడు వాళ్ళ నాయనమ్మగారింటికి భోజనానికి తీసుకెళ్ళాడు. అక్కడ నాయనమ్మని, అమ్మమ్మని "మామీ" అంటారు. ఎనభై దాటిన మనిషి. టేబుల్ మధ్యలో ఒక బాగెట్ పెట్టింది, అదే, కర్రలా పొడుగ్గా ఉండే రొట్టె. నేను ఒక ముక్క తుంచుకుని మిగతాది పక్కన పడేశా. అది బోర్లా పడింది. ఆవిడ ఏమీ అనలేదు. మాట్లాడుతూ మాట్లాడుతూనే చెయ్యి చాపి దాన్ని తిప్పి పెట్టింది. కాసేపయ్యాక నేను మళ్ళీ అదే పని చేశా. ఆవిడ మళ్ళీ తిప్పింది.

అసలు సంగతి తర్వాత జరిగింది. భోజనాలయ్యాక సాయం చేద్దామని ప్లేట్లు తీసుకుని వంటింట్లోకి వెళ్ళా. నా ప్లేటులో సగం తిన్న రొట్టె ముక్క ఉంది. దాన్ని చెత్తబుట్టలో వేయబోతుంటే ఆవిడ నా మణికట్టు పట్టుకుంది. గట్టిగా. ఆ వయసు మనిషికి అంత బలం ఉంటుందనుకోలేదు. ఆ ముక్క నా చేతిలోంచి తీసుకుని, తలుపు వెనక వేలాడుతున్న గుడ్డసంచీలో వేసింది. ఆ సంచీనిండా ఎండు రొట్టె ముక్కలే.

నాకు చెమటలు పట్టాయి. ఏదో అపచారం చేశానని అర్థమైంది. ఏంటో మాత్రం తెలియలేదు. ఆ ఆరు నెలలూ నేను చేసింది ఒక రకంగా ఇదే: ముందు ఒక తప్పు చేయడం, తర్వాత దాని వెనక ఉన్న చరిత్ర తవ్వుకోవడం. తవ్విన ప్రతిసారీ కింద ఆకలే తగిలింది.

బొంజూర్ చెప్పలేదని

మొదటి తప్పు వెళ్ళిన రెండో రోజునే చేశా. రొట్టెల కొట్టుకి వెళ్ళి, నేర్చుకున్న రెండు ముక్కల ఫ్రెంచ్‌లో "ఒక బాగెట్, ప్లీజ్" అన్నా. కౌంటర్‌లో ఉన్నావిడ నన్ను చూసి, తాపీగా, ఒక్కో అక్షరం నొక్కి "బొంజూర్" అంది. నేను మళ్ళీ "ఒక బాగెట్" అన్నా. ఆవిడ మళ్ళీ "బొంజూర్" అంది. వెనక లైన్లో ఆరుగురు. అప్పుడు వెలిగింది. "బొంజూర్ మదామ్" అన్నా. చేతికి రొట్టె వచ్చింది, బోనస్‌గా చిన్న నవ్వు కూడా.

మనం టిఫిన్ సెంటర్‌కి వెళ్ళి "అన్నా, రెండు ఇడ్లీ ఒక వడ" అంటాం. అన్నా అనడంలోనే మన మర్యాద ఉంది. అక్కడ ఆ పని బొంజూర్ చేస్తుంది. కొట్టు ఆవిడది, లోపలికి వచ్చింది నువ్వు, కాబట్టి ముందు పలకరించాల్సింది నువ్వే. ఎవరింటికైనా వెళ్తే గుమ్మం దగ్గర ఆగి "ఉన్నారా అండీ?" అని పిలుస్తాం కదా, అలాగన్నమాట.

ఇంకో విషయం చూడండి. ఆ "మెస్యూ" అనే మాటకి మూలార్థం "నా దొర". ఒకప్పుడు గొప్పింటివాళ్ళకే వాడేవాళ్ళు. ఫ్రెంచ్ విప్లవం వచ్చాక 1793 ప్రాంతంలో ఆ పిలుపే వద్దన్నారు. అందరూ "సిటోయెన్", అంటే పౌరుడు. మన "మీరు" లాంటి మాట కూడా పక్కనపెట్టి అందరినీ "నువ్వు" అనాలన్నారు. అది ఎక్కువకాలం నిలవలేదు. మెస్యూ, మదామ్ తిరిగొచ్చాయి. కానీ ఇప్పుడు అవి దొరకీ, బస్సు డ్రైవర్‌కీ, రొట్టెలమ్మే ఆవిడకీ ఒకటే. అందరినీ కిందికి దించి సమానం చేయాలనుకున్నారు. చివరికి అందరినీ "దొర" అని పిలిచి సమానం చేశారు. ఇది నాకు అనిపించింది, ఏ ప్రొఫెసరూ చెప్పింది కాదు. కానీ ఆ కొట్టులో నన్ను మూడోసారి బొంజూర్ అనిపించిన ఆవిడ మొహం గుర్తొస్తే ఇది నిజమే అనిపిస్తుంది.

రొట్టె ధరకి రాజు తల

సరే, అసలు కథ. రొట్టె.

మనకి అన్నం ఎలాగో 18వ శతాబ్దపు ఫ్రాన్స్‌లో పేదవాడికి రొట్టె అలాగ. కూర పక్కన నంజుకునేది కాదు, అదే భోజనం. పనిచేసే మనిషి రోజుకి కిలో దాకా రొట్టె తినేవాడు. మంచి రోజుల్లోనే పేద కుటుంబం సంపాదనలో సగం రొట్టెకే పోయేది. అంటే పంట పోతే, ధర రెట్టింపైతే, ఇంకేం మిగలదు. అద్దె కట్టలేరు, బట్ట కొనలేరు. ఆ తర్వాత ఆకలే.

ఇది ఊహాగానం కాదు. 1693, 94 ఏళ్ళలో పంటలు పోయి, ఆకలితో, దాని వెంట వచ్చిన జబ్బులతో ఫ్రాన్స్‌లో పది లక్షల మందికి పైగా చనిపోయారు. అప్పటి జనాభా రెండు కోట్ల పైచిలుకు. అదీ ఎవరి కాలంలో? పద్నాలుగో లూయీ కాలంలో. వెర్సాయ్‌లో అద్దాల మహల్ కట్టించిన ఆయన. పదిహేనేళ్ళు తిరిగేసరికి 1709లో భయంకరమైన చలికాలం. నేలలో వేసిన విత్తనమే గడ్డకట్టిపోయింది. మళ్ళీ లక్షల్లో చావులు.

అందుకే జనం మనసులో ఒక ఒప్పందం ఉండేది. రాజు పన్నులు వేసుకుంటాడు, యుద్ధాలు చేసుకుంటాడు, సరే. కానీ రొట్టె అందుబాటులో ఉంచాల్సిన బాధ్యత ఆయనదే. ధాన్యం ఎక్కడ అమ్మాలి, ఎంతకి అమ్మాలి, రొట్టె ఎంత బరువుండాలి అన్నీ ప్రభుత్వం కనిపెట్టుకుని ఉండేది. పోలీసులకి అది పెద్ద డ్యూటీ.

1774లో ట్యుర్గో అనే మంత్రి వచ్చాడు. తెలివైనవాడు. ధాన్యం వ్యాపారం మీద ఈ కట్టుబాట్లన్నీ ఎందుకు, మార్కెట్‌కి వదిలేస్తే సరుకు దానంతట అదే వస్తుందన్నాడు. కాగితం మీద లాజిక్ బాగానే ఉంది. కానీ ఆ ఏడాదే పంట పోయింది. ధరలు ఎగిరాయి. 1775 వసంతంలో పారిస్ చుట్టుపక్కల వందలాది చోట్ల జనం తిరగబడ్డారు. చరిత్రలో దీన్ని "పిండి యుద్ధం" అంటారు.

ఇక్కడ నన్ను ఆపేసిన సంగతి ఒకటుంది. చాలాచోట్ల వాళ్ళు ధాన్యం ఊరికే దోచుకుపోలేదు. బండి ఆపి, గోదాము తెరిపించి, "ఇదీ న్యాయమైన ధర" అని వాళ్ళే ఒక రేటు చెప్పి, ఆ రేటుకి డబ్బిచ్చి పట్టుకెళ్ళారు. ఆలోచించండి. ఆకలితో ఉన్నవాడు, చుట్టూ గుంపు బలం ఉన్నవాడు, డబ్బులు లెక్కపెట్టి ఇస్తున్నాడు. వాళ్ళు అడిగింది ఉచితం కాదు, న్యాయం. ప్రభుత్వం సైన్యాన్ని దింపి అణిచేసింది. మాట మాత్రం జనం మనసులో ఉండిపోయింది.

పదమూడేళ్ళు గడిచాయి. 1788 జులైలో వడగళ్ళ వాన పారిస్ చుట్టూ పంటని పాడుచేసింది. ఆ వెంటనే చలికాలం. నదులు గడ్డకట్టాయి, పిండి మరలు ఆగిపోయాయి. పారిస్‌లో నాలుగు పౌన్ల రొట్టె మామూలుగా 8, 9 సూలు ఉండేది. 1789 మొదటికి 14 సూలు దాటింది. కూలివాడి రోజు సంపాదన సుమారు 25, 30 సూలు. అంటే ఒక్క రొట్టెకి సగం రోజు కూలి. జులై 14న బాస్టిల్ కోట పడింది. ఆ రోజుల్లోనే రొట్టె ధర కూడా శిఖరం మీద ఉంది.

అక్టోబరు 5న పారిస్ మార్కెట్ ఆడవాళ్ళు వేలమంది వానలో, బురదలో ఇరవై కిలోమీటర్లు నడిచి వెర్సాయ్ వెళ్ళారు. ఎందుకు? రొట్టె కోసం. మర్నాడు రాజునీ రాణినీ పిల్లాడినీ పారిస్‌కి తీసుకొచ్చేశారు. వెంట పిండి బండ్లు. దారంతా వాళ్ళు రాజుకి పెట్టిన పేరేంటో తెలుసా? "రొట్టెలవాడు". రాణి "రొట్టెలవాడి పెళ్ళాం". యువరాజు "రొట్టెల కుర్రాడు". నవ్వులాటగా కనిపిస్తుంది కానీ అందులో పాత ఒప్పందం మొత్తం ఉంది. నువ్వు రాజువి కాబట్టి మాకు రొట్టె పెట్టాలి. పెట్టకపోతే నువ్వెవరు? మూడేళ్ళ పైచిలుకు తర్వాత, 1793 జనవరిలో, ఆ రాజు తల గిలోటిన్ కింద తెగింది. దానికి కారణాలు చాలా ఉన్నాయి, ఒక్క రొట్టె మీదే వేయలేం. కానీ జనానికి రాజు మీద నమ్మకం మొదట పోయింది రొట్టె దగ్గరే.

ఆ డైలాగ్ ఆవిడది కాదు

ఇక్కడ కామెంట్స్‌లో రాబోయే ప్రశ్నకి ముందే జవాబు. "రొట్టె లేకపోతే కేకు తినమనండి" అని రాణి మేరీ ఆంట్వానెట్ అందంటారు కదా? అనలేదు. మొదటిది, అది కేకు కాదు, బ్రియోష్ అని వెన్నా గుడ్లూ వేసిన మెత్తటి రొట్టె. రెండోది, ఈ మాటని ఎవరో "గొప్ప రాకుమారి" అన్నదని రూసో తన ఆత్మకథలో రాశాడు. పేరు చెప్పలేదు. ఆయన ఆ భాగం రాసేనాటికి మేరీ ఆంట్వానెట్ ఇంకా ఆస్ట్రియాలో ఉన్న చిన్నపిల్ల. ఫ్రాన్స్‌లో అడుగుపెట్టిందే 1770లో.

మరి ఆవిడకే ఎందుకు అంటుకుంది? ఆకలితో ఉన్నవాళ్ళకి కోపం పెట్టుకోవడానికి ఒక మొహం కావాలి. ఆ మొహం ఆవిడదైంది. వాట్సాప్ లేని కాలంలో కూడా ఫార్వర్డ్‌లు బాగానే తిరిగేవి.

రొట్టె మీద చట్టాలు

విప్లవం తర్వాత వచ్చినవాళ్ళకి ఒకటి బాగా బుర్రకెక్కింది. రొట్టెతో ఆటలొద్దు. 1791 జులైలో ఒక చట్టం రొట్టె ధర నిర్ణయించే అధికారం మునిసిపాలిటీలకిచ్చింది. మధ్యలో కొన్నిసార్లు సడలించారు, మళ్ళీ బిగించారు. అలా రకరకాల రూపాల్లో ఆ నియంత్రణ 1970ల చివరిదాకా నడిచింది. రాజులు పోయారు, నెపోలియన్ వచ్చాడు పోయాడు, రెండు ప్రపంచ యుద్ధాలయ్యాయి, రొట్టె రేటు మీద సర్కారు కన్ను మాత్రం పోలేదు. మనకి ఇది అర్థంకాని విషయమేం కాదు. 1983లో ఎన్టీఆర్ రెండు రూపాయలకి కిలో బియ్యం అన్నప్పుడు ఇళ్ళల్లో ఎలా ఉండేదో మీ నాన్ననో అమ్మమ్మనో అడగండి.

ఇంకా ఉంది. 1793 నవంబరులో "సమానత్వ రొట్టె" అన్నారు. డబ్బున్నవాడికి తెల్ల రొట్టె, లేనివాడికి తవుడు రొట్టె అనే తేడా ఉండకూడదు, అందరికీ ఒకటే రకం కాల్చాలని. రుచి ఘోరంగా ఉండేదట, ఎక్కువ కాలం నిలవలేదు. కానీ ఆ ఆలోచన చూడండి: రొట్టె రంగులో కులం కనిపించకూడదు.

నాకు బాగా నచ్చింది మాత్రం ఇది. పారిస్‌లో రొట్టెలవాళ్ళందరూ వేసవి సెలవులకి ఒకేసారి వెళ్ళిపోవడానికి వీల్లేదు. కొందరు జులైలో, కొందరు ఆగస్టులో వెళ్ళాలి. ఊళ్ళో జనం రొట్టె లేక ఇబ్బంది పడకూడదని. ఈ రూల్ 2015 దాకా ఉంది. అంటే ఐఫోన్ వచ్చాక కూడా ఎనిమిదేళ్ళు, విప్లవం నాటి భయం ఒకటి సర్కారు ఫైల్లో బతికే ఉంది.

బాగెట్ సంగతి కూడా చెప్పాలి. అది ఏ వేల ఏళ్ళదో అనుకున్నా నేను. పొడుగు రొట్టెలు 19వ శతాబ్దంలోనే ఉన్నాయి కానీ బాగెట్ అనే పేరుతో అది జనంలోకి వచ్చింది 1920 ప్రాంతంలో. 1919లో ఒక చట్టం వచ్చింది: రొట్టెల కార్మికుల చేత రాత్రి పది నుంచి తెల్లవారి నాలుగు దాకా పని చేయించకూడదు. నాలుగింటికి మొదలుపెడితే పొద్దున్న టిఫిన్ వేళకి పెద్ద రొట్టె కాలదు. సన్నటిది త్వరగా కాలుతుంది. అందుకే బాగెట్ అంతగా పాకిందని ఒక వాదన. మొత్తం కారణం అదే కాకపోవచ్చు. నెపోలియన్ సైనికుల ప్యాంటులో పట్టేలా చేశారనే కథ ఉంది చూడండి, దానికైతే ఏ ఆధారమూ లేదు.

తర్వాత ఫ్యాక్టరీ రొట్టె వచ్చింది. 1993లో సర్కారు మళ్ళీ దిగింది. "సంప్రదాయ ఫ్రెంచ్ రొట్టె" అని అమ్మాలంటే పిండి, నీళ్ళు, ఉప్పు, పులియబెట్టేది, అంతే. రసాయనాలు కలపకూడదు, ఫ్రీజర్‌లో పెట్టకూడదు. 1998లో ఇంకో చట్టం: అక్కడికక్కడే పిండి కలిపి కాల్చని కొట్టుకి "బూలాంజరీ" అనే బోర్డు పెట్టుకునే హక్కు లేదు. 2022 నవంబరులో బాగెట్ చేసే నేర్పుని యునెస్కో తన జాబితాలో చేర్చింది. వార్త చూసినప్పుడు నాకు పేస్ట్రీ ఫొటోలు గుర్తుకు రాలేదు. వానలో నడిచిన మార్కెట్ ఆడవాళ్ళు గుర్తొచ్చారు.

వాళ్ళ టేబుల్ మీద వాళ్ళది ఎంత?

ఇదంతా విని "అబ్బ, ఎంత స్వచ్ఛమైన సంప్రదాయమో" అనుకోకండి. క్రోసాన్ ఉంది కదా, ఫ్రాన్స్ అనగానే గుర్తొచ్చేది? దాని మూలం వియన్నా. 1830ల చివర్లో ఆగుస్ట్ జాంగ్ అనే ఆస్ట్రియా మనిషి పారిస్‌లో వియన్నా తరహా రొట్టెల కొట్టు పెట్టాడు. ఇప్పటికీ ఆ జాతి వాటినన్నిటినీ ఫ్రెంచ్‌లో "వియెన్వాజరీ" అంటారు, అంటే వియన్నా సరుకు అని. పొరలు పొరలుగా ఉండే వెన్న పిండితో చేయడం మాత్రం తర్వాత పారిస్ వాళ్ళు నేర్పిన విద్య.

ముందు స్టార్టర్, తర్వాత మెయిన్, తర్వాత చీజ్, చివర్న స్వీటు అని ఒకదాని తర్వాత ఒకటి వడ్డిస్తారు కదా? ఆ పద్ధతిని వాళ్ళే "రష్యా వడ్డన" అంటారు. పాత "ఫ్రెంచ్ వడ్డన" అంటే బోలెడు వంటకాలు ఒకేసారి టేబుల్ మీద పరిచేయడం. ఇంచుమించు మన విస్తరిలాగే! 19వ శతాబ్దంలో రష్యా పద్ధతి వచ్చి పాతదాన్ని తోసేసింది.

బంగాళాదుంప సంగతి ఇంకా మజా. మొదట్లో చాలామంది దాన్ని పశువుల తిండిగా చూశారు. పార్మాంతియే అనే సైనిక ఫార్మసిస్ట్ ఏడేళ్ళ యుద్ధంలో ప్రష్యా వాళ్ళకి ఖైదీగా చిక్కాడు. జైల్లో పెట్టింది అదే తిని బతికి బట్టకట్టాడు. తిరిగొచ్చి, కరువొస్తే దేశాన్ని ఇది కాపాడుతుందని జీవితమంతా ప్రచారం చేశాడు. 1772లో పారిస్ వైద్యులు ఇది తినొచ్చన్నారు. పారిస్‌లో ఆయన సమాధి మీద జనం ఇప్పటికీ పువ్వులతోపాటు బంగాళాదుంపలు పెడతారు. అదీ ఆకలి కథే.

నేనున్న లియోన్‌కి వద్దాం. ఆ ఊరిని తిండికి రాజధాని అంటారు. నేను వెళ్ళిన నెలలోనే పాల్ బొకూజ్ అనే మహా వంటగాడు చనిపోయాడు. అంత్యక్రియలకి తెల్లకోట్లు వేసుకున్న వంటవాళ్ళు వందలమంది వచ్చారు. ఏదో సమ్మె అనుకున్నా నేను. ఆ బొకూజ్ కుర్రాడిగా పనిచేసింది యూజెనీ బ్రాజియే అనే ఆవిడ వంటింట్లో. ఆవిడ పొలం పనులు చేసుకునే ఇంటి పిల్ల, పెళ్ళి కాకుండానే తల్లయింది, డబ్బున్నవాళ్ళ ఇళ్ళల్లో వంటపనికి కుదిరింది. 1921లో సొంతంగా చిన్న హోటల్ పెట్టింది. 1933కి ఆవిడ రెండు హోటళ్ళకీ చెరి మూడు మిష్లాన్ స్టార్లు.

ఆ ఊళ్ళో ఒక వంటకం ఉంది, పేరు "సెర్వెల్ ద కాన్యూ". కాన్యూ అంటే పట్టు నేతగాడు, సెర్వెల్ అంటే మెదడు. భయపడ్డా. తీరా చూస్తే మెత్తటి పెరుగులాంటి జున్నులో వెల్లుల్లి, ఆకుకూరలు, నూనె, వెనిగర్ వేసి కలిపింది. ఇంచుమించు మన పెరుగుపచ్చడి! మాంసం కొనలేని నేతగాళ్ళ తిండి అది. ఆ నేతగాళ్ళే కూలి రేటు కోసం 1831లో తిరగబడి కొన్నాళ్ళు ఊరినే చేతిలోకి తీసుకున్నారు. ఇప్పుడా గిన్నెకి టూరిస్టులు బోలెడు యూరోలు ఇస్తున్నారు.

డెస్క్ దగ్గర తినకూడదు

ఇంకో తప్పు. స్టూడెంట్ క్యాంటీన్‌లో మూడు యూరోల చిల్లరకి స్టార్టరూ, మెయినూ, స్వీటూ పెట్టేవాళ్ళు. అయినా నాలుక చచ్చిపోయి, గియోత్యేర్ వీధిలో ఆసియా కొట్లకి వెళ్ళి బియ్యం, ఆవాలు తెచ్చుకుని పులిహోర కలుపుకున్నా. పోపు వేసినందుకు హాస్టల్లో ఫైర్ అలారం మోగింది, అది వేరే ఎపిసోడ్. ఆ డబ్బా ల్యాబ్‌కి పట్టుకెళ్ళి, మధ్యాహ్నం కోడ్ చూస్తూ డెస్క్ దగ్గరే తింటున్నా. మా గైడ్ వచ్చి చూసి, కోపంగా కాదు, ఏదో జబ్బుపడినవాణ్ణి చూసినట్టు చూసి, "ఇక్కడ తినకూడదు, పద" అని అందరితోపాటు తీసుకెళ్ళాడు. గంటసేపు కూర్చున్నాం.

అది మర్యాద మాత్రమే కాదు, చట్టం. మూలం 1894 నాటి ఆదేశంలో ఉంది. ఫ్యాక్టరీల్లో సీసం, దుమ్ము, రసాయనాలు. కార్మికులు ఆ మురికి మధ్యనే తిని జబ్బుపడేవాళ్ళు. పనిచేసే చోట తినడం నిషేధిస్తే, ఆ గంట గదికి గాలి ఆడుతుంది, మనిషికి ఊపిరి ఆడుతుంది. వందేళ్ళు దాటినా ఆ నియమం లేబర్ కోడ్‌లో ఉండిపోయింది. కోవిడ్ వచ్చాక 2021 ఫిబ్రవరిలో దాన్ని తాత్కాలికంగా సడలించాల్సొచ్చింది, అదే పెద్ద వార్తయింది.

హైదరాబాద్‌లో ఐటీ వాళ్ళు ఇక్కడ నవ్వుకోవాలి. మనం ఏళ్ళతరబడి వాడిన సొడెక్సో కూపన్లు గుర్తున్నాయా? ఆ కంపెనీ 1966లో మార్సేయ్‌లో పుట్టింది. ఇప్పుడు ఆ కార్డు పేరు ప్లక్సీ. అంటే భోజనానికి విడిగా డబ్బు, విడిగా టైము ఉండాలనే దేశం నుంచి కూపన్ మాత్రం మన దగ్గరికొచ్చింది. టైము రాలేదు. తిరిగొచ్చాక ఉద్యోగంలో నాలుగేళ్ళు మ్యూట్‌లో పెట్టి, కాల్ వింటూ, ఎడంచేత్తో టైప్ చేస్తూ తిన్నా. ఏం తిన్నానో సాయంత్రానికి గుర్తుండేది కాదు. అమ్మ ఫోన్ చేసి "ఏం తిన్నావురా?" అంటే నిజంగానే ఆలోచించాల్సొచ్చేది. నేను ఉద్యోగం మానేసిన కారణాల్లో ఇదీ ఒకటి. చిన్నదే, కానీ ఉంది.

మామీ సంచీ

మళ్ళీ మామీ వంటింటికి వద్దాం.

రొట్టెని బోర్లా ఎందుకు పెట్టకూడదని ఆ రోజు తిరుగుదారిలో మా ఫ్రెండ్‌ని అడిగా. పూర్వం తలలు నరికే తలారికి ఎవరూ రొట్టె అమ్మడానికి ఇష్టపడేవాళ్ళు కాదట, అతని వాటా రొట్టెని బోర్లా తిప్పి పక్కన పెట్టేవాళ్ళట, దాన్ని ముట్టుకుంటే అరిష్టమట. జనం చెప్పుకునే కథ ఇది. ఎంతవరకు నిజమన్నది పక్కన పెడదాం. ఆ సంచీ సంగతి మాత్రం కథ కాదు.

ఆవిడ పుట్టింది 1933లో, లియోన్‌లోనే, నేతగాళ్ళ కొండ మీద. 1940లో జర్మన్లు ఫ్రాన్స్‌ని ఓడించాక రేషన్ మొదలైంది. ఆవిడకి ఏడేళ్ళు. వయసుని బట్టి కేటగిరీలు, కార్డులు, చింపి ఇచ్చే టికెట్లు. పెద్దవాళ్ళకి మొదట రోజుకి 350 గ్రాముల రొట్టె. తర్వాత అదీ తగ్గుతూ పోయింది. యుద్ధం 1945లో అయిపోయింది కదా, తిండి వచ్చేసిందనుకుంటాం. రాలేదు. పంట పోయి, 1947లో రేషన్ 200 గ్రాములకి పడింది. జర్మన్లు ఉన్నప్పటి కంటే తక్కువ! రొట్టె టికెట్లు పూర్తిగా పోయింది 1949లో. అంటే ఆవిడ ఏడో ఏట మొదలైన లెక్క, పదహారో ఏట ముగిసింది. బాల్యం మొత్తం టికెట్ చింపి తిన్న రొట్టె.

ఆవిడ రూటబాగా అనే దుంప ముట్టుకోదట. ముల్లంగిలాంటిది, ఆ రోజుల్లో పూటపూటా అదే. ఆ తరంవాళ్ళు చాలామంది అంతే. ఇప్పుడు సూపర్‌మార్కెట్‌లో దాన్ని ఆర్గానిక్ అని ఎక్కువ రేటుకి అమ్ముతుంటే ఆవిడకి నవ్వొస్తుందట.

సంచీలో ఎండిన ముక్కలతో ఏం చేస్తుందో తర్వాతిసారి వెళ్ళినప్పుడు చూశా. పాలల్లో, గుడ్డులో నానబెట్టి, వెన్నలో వేయించి, చక్కెర చల్లి పెట్టింది. మనం ఫ్రెంచ్ టోస్ట్ అంటాం. వాళ్ళ భాషలో దాని పేరు "పాన్ పెర్ద్యూ", అంటే "పోయిన రొట్టె". పోయిందనుకున్నదాన్ని తిరిగి తెచ్చుకోవడం. ఈసారి నా ప్లేటులో ఏమీ మిగల్లేదు.

ఇది మ్యూజియం కథ కాదు. 2016లో ఫ్రాన్స్ ఒక చట్టం చేసింది: పెద్ద సూపర్‌మార్కెట్లు అమ్ముడుపోని మంచి తిండిని పాడుచేసి పారేయకూడదు, సేవాసంస్థలకి ఇవ్వాలి. 2021 జనవరిలో, కోవిడ్‌తో పార్ట్‌టైమ్ ఉద్యోగాలు పోయి విద్యార్థులు ఉచిత తిండి కోసం రోడ్ల మీద లైన్లు కట్టినప్పుడు, క్యాంటీన్ భోజనం అందరికీ ఒక్క యూరోకి పెట్టాల్సొచ్చింది. నేను మూడు యూరోలకి తిని నాలుక చచ్చిపోయిందని గునిసిన క్యాంటీన్లే అవి. నాకంటే మూడేళ్ళ వెనక వచ్చిన పిల్లలు వాటి కోసం లైన్లో నిలబడ్డారు. ఆ వీడియోలు చూసిన రాత్రి నాకు మామీ చెయ్యి నా మణికట్టు మీద మళ్ళీ తగిలినట్టైంది.

వెళ్ళేముందు నేను ఫ్రెంచ్ తిండిమర్యాదలంటే స్టైల్ అనుకున్నా. డబ్బున్నవాళ్ళ నఖరాలు అనుకున్నా. కొన్ని అలాంటివీ ఉన్నాయి, లేవనను. కానీ రొట్టె దగ్గర మాత్రం కాదు. కింద పడిన మెతుకు తొక్కితే కళ్ళకద్దుకోమని మా నాయనమ్మ ఎందుకనేదో, బోర్లా పడిన రొట్టెని మామీ ఎందుకు తిప్పేదో, రెండిటికీ జవాబు ఒకటే. ఇద్దరికీ చిన్నప్పుడు లెక్కపెట్టి తిన్న రోజులున్నాయి.

మీ ఇంట్లో ఇలాంటి అలవాటు ఏదైనా ఉందా? పెద్దవాళ్ళు పాటించేది, మీకు విసుగొచ్చేది? ఇవాళ భోజనం దగ్గర ఫోన్ పక్కన పెట్టి, అది ఎప్పుడు మొదలైందో అడగండి. "ఊరికే" అంటారు మొదట. ఇంకోసారి అడగండి. వాళ్ళు చెప్పింది కామెంట్‌లో రాయండి, నేను అన్నీ చదువుతా.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. అన్నం తిన్నారా? తినకపోతే లేవండి. డెస్క్ దగ్గర మాత్రం కాదు.